లాంగ్ రైడ్‌కి స్పోర్ట్ టూరర్ బైక్‌ను సిద్ధం చేయడం ఎలా?

బైక్ కడిగారు, ట్యాంక్ నింపారు, చైన్ మీద రెండు సార్లు స్ప్రే కొట్టారు, ఇక బయల్దేరడమే అనుకున్నారు. చాలామంది తయారీ ఇంతే. ఇంకొందరు ఉత్సాహం ఆపుకోలేక చైన్‌ను వీణ తీగలా బిగించేసి, దాని మీద ఇద్దరు మనుషుల బరువు, మూడు పెట్టెల లగేజి ఎక్కిస్తారు. అసలు బిగించకుండా వదిలేసినవాళ్లకంటే వీళ్లకే నష్టం ఎక్కువ. ఎందుకో చైన్ దగ్గరికి వచ్చాక చెబుతాను.

స్పోర్ట్ టూరర్ అంటే వేగానికీ, దూర ప్రయాణానికీ కలిపి తయారైన బైక్. దాని పనులన్నీ ఒక వరసలో చేయాలి. ముందు మామూలు చెకప్, తర్వాత మార్పులు, ఆ తర్వాత లగేజి, సస్పెన్షన్, చివరికి చైన్. వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. ఇదంతా ప్రయాణానికి కనీసం వారం ముందు ముగించండి. ముందు రోజు రాత్రి బైక్‌కి పానా తగిలించకూడదు.

కావాల్సినవి

బైక్‌తో వచ్చిన మాన్యువల్, వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్‌కి సరిగ్గా సరిపోయే సాకెట్, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా), స్టీలు స్కేలు, సెంటర్ స్టాండ్ లేదా ప్యాడాక్ స్టాండ్, టైర్ గాలి గేజ్, కిరోసిన్, నైలాన్ బ్రష్, చైన్ లూబ్, పాత గుడ్డలు. యాక్సిల్ నట్‌కి కాటర్ పిన్ (నట్ ఊడకుండా అడ్డంగా దూర్చే పిన్ను) ఉంటే కొత్తది ఒకటి తెచ్చుకోండి. టార్క్ రెంచ్ లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, అంతేగానీ చెయ్యి అంచనా మీద ఆధారపడకండి.

మామూలు చెకప్

ఆయిల్ మార్చే గడువు దారి మధ్యలో పడేలా ఉంటే ముందే మార్చేయండి. మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయండి, డబ్బా మీద జాసో (బైకు ఆయిళ్లకు జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి. ఈ బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే తిరుగుతాయి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పొడవైన దిగుడు రోడ్డులో బ్రేకులు బాగా వేడెక్కితే ఆ తేమ ఆవిరై, లివర్ మెత్తగా లోపలికి పోతుంది. బ్రేక్ ప్యాడ్ సగం కంటే ఎక్కువ అరిగి ఉంటే నేనైతే కొత్తవి వేయిస్తాను.

టైర్లు నడిమధ్యలో బల్లపరుపుగా అరిగాయేమో చేత్తో తడిమి చూడండి. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాలి బైక్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఈ తరహా బైకుల్లో చాలావాటికి ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ ఉంటుంది గానీ మీ బైక్ స్టిక్కర్ మీద ఏముంటే అదే లెక్క. బరువు ఎక్కువైందని, గతుకులు తగ్గుతాయని గాలి తగ్గించే అలవాటు మానుకోండి. బరువు మీద గాలి తగ్గితే టైరు వేడెక్కి పాడవుతుంది.

మీకు తగ్గట్టు మార్చుకోవడం

కొత్త సైలెన్సర్‌తో మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఆ డబ్బు సీటు మీద పెట్టండి. అయితే మెత్తటి సీటు మంచి సీటనుకోవద్దు. మెత్తటి స్పాంజి మొదటి గంట హాయిగా ఉంటుంది, మూడో గంటకి అణిగిపోయి అడుగున గట్టి పలకే తగులుతుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా ఉన్నదే రోజంతా కూర్చోనిస్తుంది.

విండ్‌స్క్రీన్ ఎంత ఎత్తుంటే అంత మంచిదనుకోవడం కూడా పొరపాటే. గాలి నేరుగా, సాఫీగా ఛాతీకి తగిలితే మనిషి తట్టుకుంటాడు. స్క్రీన్ అంచు మీద సుడి తిరిగి హెల్మెట్‌ను దడదడలాడించే గాలితోనే తల నొప్పి పుడుతుంది. అద్దం పైఅంచు మీదుగా రోడ్డు కనిపించాలి, అద్దంలోంచి కాదు. ఏ స్క్రీన్ వేసినా చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకోండి.

హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు వేస్తే, బిగించాక హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తిగా తిప్పి చూడండి. బ్రేక్ హోస్ గానీ, వైర్లు గానీ లాగినట్టవకూడదు. ఇంజన్ ఆన్‌లో ఉండగా తిప్పినప్పుడు ఆర్‌పీఎం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ పొట్టిదైందని అర్థం. ఆ బైక్‌ను అలా రోడ్డెక్కించకూడదు.

ఫాగ్ లైట్లు, హీటెడ్ గ్రిప్స్, చార్జర్ లాంటివి పెట్టుకుంటే ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లో ఉండాలి, కరెంటు రిలే ద్వారా రావాలి. తాళం తీశాక ఏదీ వెలుగుతూ ఉండకూడదు. ఫోన్ పెట్టే మౌంట్‌కి వైబ్రేషన్ డ్యాంపర్ తప్పనిసరి. పెద్ద ఇంజన్ల వైబ్రేషన్‌కి ఫోన్ కెమెరాలు పాడవచ్చని 2021లో యాపిల్ కంపెనీయే హెచ్చరించింది.

లగేజి, ప్రీలోడ్

బరువైనవి సైడ్ పెట్టెల్లో అడుగున, వీలైనంత ముందుకు పెట్టాలి. రెండు వైపులా సమానంగా ఉండాలి. టాప్ బాక్స్ వెనక చక్రం ఇరుసు దాటి ఎక్కడో చివర ఉంటుంది. అందులో బరువు పెడితే ముందు చక్రం తేలికై, స్పీడులో హ్యాండిల్ ఊగుతుంది. రెయిన్ సూట్, గ్లవ్స్ దాకా సరే, పనిముట్లు, నీళ్ల సీసాలు మాత్రం అక్కడ వద్దు. పెట్టె మూత లోపల అంటించిన బరువు లిమిట్ చూడండి, ఎంత తక్కువుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది.

ఇప్పుడు వెనక షాక్ ప్రీలోడ్, అంటే షాక్ స్ప్రింగ్‌ను ముందుగానే ఎంత నొక్కి ఉంచామన్నది. బైక్ వెనక చక్రం నేల తాకకుండా గాల్లో వేలాడుతుండగా వెనక యాక్సిల్ నుంచి పైన టెయిల్ మీద ఏదైనా గుర్తుకి దూరం కొలవండి. తర్వాత లగేజితో సహా మీరు ఎక్కి, నిటారుగా కూర్చుని మళ్లీ కొలిపించండి. తేడా, మొత్తం సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరం)లో సుమారు మూడో వంతు లోపు ఉండాలి. ఈ బైకుల్లో ట్రావెల్ ఎక్కువగా 120 నుంచి 140 మి.మీ. ఉంటుంది కాబట్టి 35 నుంచి 45 మి.మీ. కుంగడం సరైనది. ఎక్కువ కుంగితే ప్రీలోడ్ పెంచండి. వెనక ఎవరైనా కూర్చుంటారంటే వాళ్లనీ ఎక్కించే కొలవండి.

చైన్ కంటే ముందు ఇది ఎందుకంటే, ప్రీలోడ్ మారితే సైడ్ స్టాండ్ మీద బైక్ నిలబడే ఎత్తు మారుతుంది, దాంతోపాటు చైన్ వదులూ మారుతుంది.

చైన్: ఇక్కడ తొందరపడకండి

చైన్ బదులు షాఫ్ట్ ఉన్న యమహా ఎఫ్‌జేఆర్1300, కవాసాకీ జీటీఆర్1400 లాంటి బళ్ల వాళ్లు ఇక్కడితో ఆగి టీ తాగొచ్చు. వాళ్లు అప్పుడప్పుడు మాన్యువల్ చెప్పినట్టు ఫైనల్ డ్రైవ్ ఆయిల్ మారిస్తే చాలు. చైన్ పని మురికి పనని వెక్కిరిస్తూ ఉంటారు గానీ, చైన్ తేలిక, పాడైతే ఏ ఊళ్లోనైనా బాగుపడుతుంది, శ్రద్ధ పెడితే వేల కిలోమీటర్లు నడుస్తుంది. నేను చైన్ పక్షమే.

మొదట శుభ్రం చేయడం. ఇంజన్ ఆఫ్, గేరు న్యూట్రల్, చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజన్ ఆన్ చేసి గేరులో పెట్టి, తిరుగుతున్న చైన్‌కి గుడ్డ అడ్డం పెట్టేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. గుడ్డ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం)లోకి లాక్కుపోతే దాని వెంటే వేళ్లూ పోతాయి.

ప్లేట్ల మధ్య సన్నటి నల్లటి రబ్బరు రింగులు కనిపిస్తాయి. లోపలి గ్రీజును కాపాడేవి అవే. వాటికి కిరోసిన్ ఫర్వాలేదు. పెట్రోలు, ఇనుప బ్రష్, ప్రెషర్ వాటర్ మూడూ వద్దు. ఏదైనా లింకు దగ్గర ఎర్రటి తుప్పు పొడి కారుతుంటే అక్కడి రింగు పోయినట్టే. చైన్‌ను వెనక స్ప్రాకెట్ చివర పట్టుకుని వెనక్కి లాగండి. పన్ను సగానికి పైగా బయటపడితే అడ్జస్ట్‌మెంట్ దండగ, చైన్, రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చండి. కొత్త చైన్‌ను పాత స్ప్రాకెట్ల మీద వేస్తే కొత్తదీ తొందరగా పోతుంది.

తర్వాత కొలత. మాన్యువల్ సైడ్ స్టాండ్ మీద కొలవమందా, సెంటర్ స్టాండ్ మీదా అన్నది ముందు చూడండి, రెండింటికీ లెక్క వేరు. కింది వైపు చైన్‌లో రెండు స్ప్రాకెట్ల మధ్య సరిగ్గా నడిమిన ఉన్న ఒక పిన్నును గుర్తు పెట్టుకోండి. స్కేలు నిలువుగా పట్టి, చైన్‌ను వేలితో కిందికి నొక్కి ఆ పిన్ను ఎక్కడుందో చూడండి, తర్వాత పైకి నెట్టి చూడండి. ఈ రెండు అంకెల తేడాయే వదులు. చైన్ మామూలుగా వేలాడే చోటు నుంచి కిందికి మాత్రమే కొలిచి, అదే మొత్తం అనుకుని బిగించేసేవాళ్లు చాలామంది. బొటనవేలితో ఒకసారి కదిపి "సరిపోతుంది సార్" అనే మెకానిక్ మాటనూ లెక్కలోకి తీసుకోకండి.

ఒక్కచోట కొలిస్తే చాలదు. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి. అరిగిన చైన్ అంతటా ఒకేలా ఉండదు. ఒకచోట 38 మి.మీ. ఊగే చైన్ ఇంకోచోట 28 మాత్రమే ఊగొచ్చు. ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, ఆ చోటుకే అడ్జస్ట్ చేయాలి. వదులుగా ఉన్న చోట సరిచేస్తే, బిగుతు చోటు వచ్చినప్పుడల్లా గేర్‌బాక్స్ బేరింగ్ మీద దెబ్బ పడుతుంది.

బిగుతు చైన్ ఎందుకంత ప్రమాదమో ఇప్పుడు చూద్దాం. ఇంజన్ దగ్గరి చిన్న స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) ఇరుసు, వెనక యాక్సిల్, ఈ మూడూ ఒకే గీత మీదకు వచ్చినప్పుడు స్ప్రాకెట్‌కి, యాక్సిల్‌కి మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ. అప్పుడే చైన్ అన్నిటికంటే బిగుతు. స్టాండ్ మీద ఉన్న బైక్‌లో అవి ఒకే గీత మీద ఉండవు. ఇద్దరు మనుషులు, లగేజి ఎక్కి ఒక గుంటలో పడితే అక్కడికి వస్తాయి. స్టాండ్ మీదే వదులు లేకుండా బిగించారంటే, ఆ క్షణంలో చైన్ సాగలేదు, సస్పెన్షన్ కుంగలేదు. ఆ భారమంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్, ఆయిల్ సీల్, చక్రం బేరింగ్ మోయాలి. చైన్ కాస్త వదులైతే చప్పుడు చేస్తుంది. బిగుతైతే నిశ్శబ్దంగా ఇంజన్‌ను తింటుంది. అనుమానం ఉంటే మాన్యువల్ ఇచ్చిన రెండు అంకెల్లో వదులు వైపు అంకెకే వెళ్లండి.

ఇక అడ్జస్ట్‌మెంట్. యాక్సిల్ నట్ వదులు చేయండి, అడ్జస్టర్ బోల్టుల (చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపేవి) లాక్ నట్లు వదులు చేయండి. రెండు వైపుల అడ్జస్టర్ బోల్టులనూ ఒకేసారి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పవద్దు. ఎడమవైపు ఎంత తిప్పితే కుడివైపూ అంతే. స్వింగ్ ఆర్మ్ మీది గీతలు ఉజ్జాయింపు కోసమే. స్వింగ్ ఆర్మ్ ఇరుసు మధ్య నుంచి యాక్సిల్ మధ్యకు రెండు వైపులా కొలిచి చూసుకోండి. తర్వాత వెనక నుంచి వంగి, స్ప్రాకెట్ పై నుంచి చైన్ వెంట ఒక కన్నుతో చూడండి. చైన్ స్ప్రాకెట్ దగ్గర పక్కకు వంగినట్టు కనిపిస్తే చక్రం వంకరగా కూర్చుందన్నమాట.

వదులు ఎక్కువ కావాలంటే అడ్జస్టర్ వెనక్కి తిప్పగానే చక్రం దానంతటది ముందుకు రాదు. టైరును అరచేత్తో ముందుకు నెట్టి అడ్జస్టర్‌కి ఆనించాలి. ఇది మర్చిపోతే ఇంట్లో సరిగ్గా ఉన్న కొలత పది కిలోమీటర్లకే మారిపోతుంది.

యాక్సిల్ నట్ బిగించే ముందు ఒక గుడ్డను చుట్టగా చుట్టి, కింది వైపు చైన్‌కి, వెనక స్ప్రాకెట్‌కి మధ్య పెట్టి, చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పండి. గుడ్డ పళ్ల మధ్య ఇరుక్కుని యాక్సిల్‌ను అడ్జస్టర్‌ల వైపు గట్టిగా లాగి పట్టుకుంటుంది. వేళ్లు దూరంగా పెట్టుకోండి. ఇప్పుడు టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంత బిగించండి. చాలా పెద్ద బైకులకు అది 100 న్యూటన్ మీటర్ల దగ్గర గానీ, అంతకు పైన గానీ ఉంటుంది. తర్వాత లాక్ నట్లు, కొత్త కాటర్ పిన్. గుడ్డ తీసేయండి.

అయిపోయిందని లేవకండి. నట్ బిగించాక చైన్ మళ్లీ కాస్త బిగుసుకుంటుంది. చాక్ గుర్తు దగ్గర ఇంకోసారి కొలవండి, తేడా వస్తే మొదటి నుంచి చేయండి. విసుగే, కానీ జనం వదిలేసేది సరిగ్గా ఈ మెట్టే. చివరగా లగేజి ఎక్కించి, వెనక కూర్చునే మనిషితో సహా ఎక్కి కూర్చుని, ఇంకొకరిని కింది చైన్ కదిపి చూడమనండి. ఇంజన్ ఆఫ్‌లోనే. అంత బరువు మీద కూడా చైన్ కొంచెమైనా కదలాలి.

కదిలే ముందు వెనక బ్రేక్ పెడల్ రెండు మూడు సార్లు నొక్కండి.

లూబ్, ట్రయల్

లూబ్ చైన్ లోపలి వైపు నుంచి, కింది వరస మీద పడాలి, ఆ తర్వాత తిరిగే వేగమే దాన్ని బయటికి తెస్తుంది. బైక్ నడిపి వచ్చాక, చైన్ గోరువెచ్చగా ఉండగా వేసి రాత్రంతా వదిలేయండి. బయల్దేరే ముందు వేస్తే సగం మీ వీల్ రిమ్ మీదే ఉంటుంది.

పూర్తి లగేజితో ఒక వంద కిలోమీటర్లు తిరిగి రండి. లోడ్ మీద వెనక కుంగి హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతుంటే కిందికి సరిచేయండి. పెట్టెల బోల్టులు, రైజర్ బోల్టులు మళ్లీ బిగించి చూడండి. చైన్ పూర్తిగా చల్లారాక ఇంకోసారి కొలవండి.

దారిలో ప్రతి 500 నుంచి 800 కిలోమీటర్లకు లూబ్, వానలో తడిస్తే ఆ సాయంత్రమే. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న పంపు, స్కేలు, యాక్సిల్ నట్ సాకెట్ సైడ్ పెట్టెలో అడుగున కాకుండా, చెయ్యి పెట్టగానే దొరికే చోట ఉంచండి. మొత్తం లగేజి రోడ్డు పక్కన దించి వెతకాల్సి రాకూడదు.