చదువుకు కూర్చునే ముందు 15 నిమిషాలు: ఏకాగ్రతకు స్వీయ సమ్మోహనం

పుస్తకం తెరిచి అరగంట గడిచినా కళ్ళు అక్షరాల మీద, మనసు మరెక్కడో తిరుగుతూ ఉండటం పోటీ పరీక్షలకు చదివేవారందరికీ అనుభవమే. హైదరాబాదు అశోక్‌నగర్ చదువు గదుల్లో గ్రూప్స్‌కు సిద్ధమయ్యే అభ్యర్థి రోజంతా కుర్చీ దిగకపోయినా, రాత్రి పుస్తకం మూసి పొద్దున చదివిందేమిటో చెప్పుకోబోతే నాలుగు మాటలు దాటి రావు. తనకు జ్ఞాపకశక్తి లేదని బెంగపడతాడు గానీ, చాలాసార్లు ఆ విషయం అసలు మనసుకు ఎక్కనే ఉండదు. స్వీయ సమ్మోహనం, అంటే మనకు మనమే చేసుకునే హిప్నాసిస్, అక్కరకొచ్చేది ఇక్కడే.

సమ్మోహనమంటే మన మనసు మరొకరి వశం కావడమనే భయం ఇంకా చాలామందిలో ఉంది. స్కాట్లాండుకు చెందిన శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1840లలో, మెరిసే వస్తువు మీద చూపు నిలిపితే ఈ స్థితి కలుగుతుందని చూపించి, అంతకుముందు ఒకరి నుంచి మరొకరికి కంటికి కనపడని ‘అయస్కాంత ద్రవం’ ప్రవహిస్తుందంటూ చలామణీ అయిన ఊహలను పక్కకు నెట్టాడు; ఆ పద్ధతిని తన మీద తానే ప్రయోగించుకున్నాడు కూడా. 1932లో జర్మన్ వైద్యుడు యొహానెస్ షుల్ట్స్, చేతులు బరువెక్కడం, వెచ్చబడటం అనే అనుభూతుల ఆధారంగా ఎవరికి వారే చేసుకోగల అభ్యాసాన్ని గ్రంథంగా వెలువరించాడు. కింద చెప్పే పద్ధతిలో ఈ ఇద్దరి దారులూ కలిసి ఉన్నాయి. యోగనిద్ర చేసినవారికి ఇందులో చాలా భాగం తెలిసినట్టే ఉంటుంది. అక్కడి సంకల్పానికీ, ఇక్కడ మనకు మనమే చెప్పుకునే సూచనకూ దగ్గరి చుట్టరికం ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక హద్దు గుర్తుంచుకోవాలి. మరచిపోయిన దాన్ని సమ్మోహనంలో తవ్వి తీయాలని ప్రయత్నించకూడదు. ఆ స్థితిలో గుర్తుకొచ్చినవి నిజమేనన్న ధీమా పెరుగుతుంది గానీ అవి నిజమయ్యే అవకాశం పెరగదని, లేనివి ఉన్నట్టు తోచే ప్రమాదం కూడా ఉందని పరిశోధనల్లో తేలింది. అమెరికాలో అనేక న్యాయస్థానాలు సమ్మోహనం ద్వారా రాబట్టిన సాక్ష్యాన్ని అంగీకరించకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఈ అభ్యాసాన్ని చదవడానికి ముందు, మనసును చదువు వైపు తిప్పుకోవడానికే వాడుకోవాలి.

కడుపు నిండా తిన్న వెంటనే చేస్తే నిద్ర ముంచుకొస్తుంది. తెల్లవారుజామున గానీ, సాయంత్రం చదువుకు కూర్చునే ముందు గానీ చేయడం మంచిది. పడుకోకుండా, వెన్ను ఆనే కుర్చీలో పాదాలు నేలకు తాకేలా కూర్చోవాలి. ఫోన్‌ను మరో గదిలో పెట్టాలి. శబ్దం ఆపి పక్కనే ఉంచుకుంటే మనసులో ఒక కొస దానికే కట్టి ఉంటుంది.

ఎదురుగా, కంటి ఎత్తుకు కాస్త పైన, గోడ మీద ఒక చుక్కను గానీ మేకును గానీ ఎంచుకుని చూపు అక్కడే నిలపాలి. ముక్కుతో గాలి పీల్చి, పీల్చిన దానికంటే నెమ్మదిగా వదలాలి. రెండు మూడు నిమిషాల్లో రెప్పలు బరువెక్కుతాయి. బలవంతంగా తెరిచి ఉంచకుండా వాటంతటవే మూతపడనివ్వాలి. అప్పుడు కుడిచేతి మీద ధ్యాస పెట్టి, ‘నా కుడిచేయి బరువెక్కుతోంది’ అని లోపల నిదానంగా ఐదారుసార్లు అనుకోవాలి. తరువాత ఎడమచేయి, ఆపైన కాళ్ళు, చివరికి బిగిసి ఉన్న దవడ. పరీక్షల రోజుల్లో ఎక్కువ బిగువు ఈ దవడలోనూ మెడలోనూ పేరుకుంటుంది కనుక అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఇక పాతకాలపు కోనేటి మెట్లు దిగుతున్నట్టు ఊహించుకుంటూ, ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒక మెట్టు చొప్పున పది నుంచి ఒకటి వరకు లెక్కపెట్టాలి. రాయి చల్లదనం అరికాలికి తగులుతున్నట్టు, నీటి వాసన దగ్గరవుతున్నట్టు భావించగలిగితే ఆ స్థితి లోతవుతుంది. కొందరికి ఇది మొదటి రోజే పట్టుబడుతుంది, మరికొందరికి వారాలు పడుతుంది; సమ్మోహనానికి లోనయ్యే గుణం అందరిలో ఒకే తీరున ఉండదు. ఏమీ జరగనట్టు అనిపించినా విశ్రాంతి వల్ల కలిగే మేలు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు సూచన. ఈ అభ్యాసంలో అన్నిటికంటే శ్రద్ధగా చేయవలసిన పని ఇదే. ‘నేను మరచిపోకూడదు’ అని పదేపదే అనుకుంటే మనసు ‘మరచిపోవడం’ దగ్గరే చిక్కుకుంటుంది. ‘నా జ్ఞాపకశక్తి అద్భుతం’ అనుకుంటే లోపలి మనిషి నమ్మడు. సూచన చిన్నదిగా, నమ్మదగినదిగా, ఆ రోజు పనికి సంబంధించినదిగా ఉండాలి: ‘వచ్చే 40 నిమిషాలు నేను ఈ అధ్యాయంతోనే ఉంటాను. బయటి శబ్దాలు వస్తాయి, పోతాయి. మనసు పక్కకు వెళితే గమనించి మెల్లగా వెనక్కి తెచ్చుకుంటాను.’ దీన్ని ముందే కాగితం మీద సొంత మాటల్లో, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాసుకుని, అభ్యాసంలో మూడు నాలుగుసార్లు తలచుకోవాలి. తలచుకుంటున్నంతసేపూ బొటనవేలిని, చూపుడువేలిని చిన్ముద్రలా కలిపి ఉంచాలి. రోజూ ఇలా చేస్తూ ఉంటే కొంతకాలానికి ఆ ముద్ర ఆ స్థితికి గుర్తుగా మారుతుంది. చివరగా ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెట్టి, వేళ్ళు కదిలించి, ఒళ్ళు విరుచుకుని కళ్ళు తెరవాలి. ఈ మేలుకొలుపు దాటవేస్తే మగత మిగిలిపోతుంది.

శబ్దం గురించి పై సూచనలో చెప్పిన మాట మన అవధానుల సాధనకు దగ్గరగా ఉంటుంది. అష్టావధానంలో పృచ్ఛకులు వరుసగా ప్రశ్నలు వేస్తుండగా, అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య మాట కలుపుతూనే ఉంటాడు. అవధాని అతనికి జవాబిచ్చి మళ్ళీ తన పద్యపాదం దగ్గరికి వస్తాడు, చివరికి పద్యాలన్నీ ధారణ చేస్తాడు. శబ్దంతో పోరాడే పని పెట్టుకోకుండా తిరిగి రావడం అలవాటు చేసుకోవడమే అక్కడి విద్య.

కళ్ళు తెరిచిన వెంటనే చదువు మొదలుపెట్టాలి. రాజ్యాంగం 32వ అధికరణం చదివారనుకుందాం. 40 నిమిషాలయ్యాక పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద ఐదు రిట్లూ (న్యాయస్థానం జారీ చేసే ఆదేశాలు), ఒక్కొక్కటి ఎప్పుడు వర్తిస్తుందో చూడకుండా రాయాలి. హెబియస్ కార్పస్, మాండమస్ గుర్తుండి సెర్షియోరరీకి, ప్రొహిబిషన్‌కు తేడా తడబడితే, పుస్తకం తెరిచి ఆ ఒక్కటే చూసుకోవాలి. పదిసార్లు తిరిగి చదవడం కంటే ఇలా చూడకుండా చెప్పుకోవడమే ఎక్కువకాలం నిలుస్తుంది. చదివినదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే జారిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మాన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించాడు. అందుకే ఆ రాత్రి ఒకసారి, మర్నాడు ఒకసారి, వారం తరువాత మరోసారి చూడకుండా రాయాలి. ఇది మానేసి సమ్మోహనం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఫలితం ఉండదని గట్టిగా చెబుతాను. నిద్ర తగ్గించుకున్నా అంతే. చదివింది కుదురుకునేది నిద్రలోనే.

మూర్ఛవ్యాధి ఉన్నవారు, లేనివి కనిపించడం, వినిపించడం వంటి మానసిక సమస్యలకు చికిత్స పొందుతున్నవారు వైద్యుల అనుమతి లేకుండా దీన్ని చేయకూడదు. వాహనం నడుపుతూ ఎవరూ చేయకూడదు, రికార్డు చేసుకున్న సూచనలు కూడా వినకూడదు. మతిమరుపు అకస్మాత్తుగా మొదలైనా, దిగులూ నిద్రలేమీ వారాల తరబడి వదలకపోయినా వైద్యుణ్ణి కలవాలి; థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 తక్కువ కావడం కూడా మతిమరుపుగా బయటపడతాయి. మనసు బాగోనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పరీక్ష హాలులో ఈ అభ్యాసమంతా చేయడానికి వీలుండదు. ప్రశ్నపత్రం చేతికి రాగానే చిన్ముద్ర పట్టి, మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి వదిలితే చాలు. తెలిసిన జవాబు నోటి దాకా వచ్చి ఆగిపోతే దాని వెంటపడకుండా, దాన్ని చదివిన చోటును, ఆ కుర్చీని, ఎదుటి గోడను ఒక్క క్షణం తలచుకోవాలి. అప్పటికీ రాకపోతే ఓఎంఆర్ పత్రం మీద కాకుండా ప్రశ్నపత్రం మీద, ఆ ప్రశ్న పక్కన చిన్న గుర్తు పెట్టుకుని ముందుకు సాగాలి. తరువాతి ప్రశ్నలు రాస్తుండగానే అది గుర్తుకొస్తే, వెంటనే వెనక్కి వెళ్ళి పూర్తిచేయాలి.