మేనేజర్ పొగ పెడుతున్నాడా? పేపర్ (రాజీనామా) పెట్టే ముందు ఇవి చూసుకోండి

ముందే చెప్తున్నా, మేనేజర్‌ని మార్చే పని పెట్టుకోకండి. మాదాపూర్‌లో ఒక చిన్న ప్రొడక్ట్ కంపెనీలో నేను మూడేళ్లు ఆ పనే చేశాను. ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చిన ప్రతిసారీ పేజీలకు పేజీలు నింపాను, స్కిప్ లెవెల్ మీటింగుల్లో (మేనేజర్ పై బాస్‌తో జరిగేవి) గొంతు చించుకున్నాను, చివరికి తెలిసిందేంటంటే ఆ ఫారాలు చదివేది మా మేనేజరే. పేరు రాయక్కర్లేదన్నారు గానీ, తొమ్మిది మంది టీములో ఎవరి రాత ఎవరిదో ఆ మాత్రం పట్టలేరా?

అక్కడ ఉన్నన్నాళ్లూ మన పేరు, మన డబ్బు పోకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. దానికి మొదటి అలవాటు, నోటిమాటని మెయిల్‌లోకి ఎక్కించడం. ఒక బుధవారం సాయంత్రం మేనేజర్ నా డెస్క్ దగ్గరికొచ్చి, "టెస్టులు తర్వాత చూద్దాంలే బ్రదర్, శుక్రవారం డెమోకి పేమెంట్ స్క్రీన్ కనపడితే చాలు" అన్నాడు. సరే అన్నాను. ఆయన అటు వెళ్లగానే రెండు లైన్లు కొట్టాను: మీరు ఇందాక చెప్పినట్టు టెస్టులు ఆపి డెమో బిల్డ్ ఇస్తున్నాను, రీఫండ్ ఇంకా చెక్ చేయలేదు. 'ఓకే' అని రిప్లై వచ్చింది. సోమవారం క్లయింట్ కాల్‌లో ఒకే రీఫండ్ రెండుసార్లు పడింది, ఈయన మ్యూట్ తీసి "మా డెవలపర్ టెస్ట్ చేయకుండానే ఇచ్చేశాడు" అనేశాడు. నేను అక్కడ నోరెత్తలేదు. కాల్ అయ్యాక అదే మెయిల్‌కి రిప్లై కొట్టి, డైరెక్టర్‌ని సీసీలో పెట్టి, ఫిక్స్ ఎన్ని గంటలకి వస్తుందో మాత్రం రాశాను. కింద ఆ 'ఓకే' అలాగే ఉంది. ఆ రోజు నుంచి డెస్క్ దగ్గర ఆర్డర్లు బందయ్యాయి. (ఆ ఏడాది హైక్ కూడా దాదాపు బందయింది, అది వేరే సంగతి.)

అలాగని ఆఫీసు మెయిల్స్ అన్నీ సొంత జీమెయిల్‌కి పంపుకోకండి. కోడ్, క్లయింట్ డేటా ఒక్క ముక్క బయటికి వెళ్లినా మిమ్మల్ని తీసేయడానికి వాళ్లకి సాకు దొరికినట్టే. ఏ తేదీన ఎవరు ఏమన్నారో ఇంటికొచ్చాక ఒక డైరీలో రాసుకోండి. పే స్లిప్పులు, ఆఫర్ లెటర్, హైక్ లెటర్లు, ఫారం 16 మాత్రం ఎప్పటికప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, పోర్టల్ ఎప్పుడు లాక్ అవుతుందో ఎవరికీ తెలియదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి వెనక్కి తీసుకోవడమే, వాళ్ల దగ్గర వదలొద్దు.

కంపెనీ లోపల డొల్లగా ఉందో లేదో టౌన్‌హాల్‌లో (కంపెనీ అందరితో పెట్టే మీటింగ్) చెప్పరు, పీఎఫ్ పాస్‌బుక్ చెబుతుంది. జీతంలో మీ వాటా కట్ అవుతోంది గానీ పాస్‌బుక్‌లో పడట్లేదంటే, జీతం 1వ తేదీ నుంచి 7కి, 7 నుంచి 10కి జరిగిందంటే, ఇక రెజ్యూమె బయటికి తీయాల్సిందే. ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

పొమ్మనలేక పొగ పెట్టడానికి ఐటీలో పెట్టిన పేరు పీఐపీ (పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్). మెరుగుపడటానికి ప్లాన్ అంటారు, నేను చూసినంతలో చాలావరకు అది ముందే రాసిపెట్టుకున్న తీర్పు. సంతకం అడిగితే "అందుకున్నాను" అని రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టండి, ఒప్పుకున్నట్టు రాయకండి. ఏ టికెట్లు (అప్పగించిన పనులు), ఏ కొలత, ఎవరు చూసి నిర్ణయిస్తారు, ఇవన్నీ అదే రోజు మెయిల్‌లో అడగండి. రూమ్‌లో కూర్చోబెట్టి "ఇప్పుడే రిజైన్ చెయ్, లేకపోతే టర్మినేట్ చేస్తాం" అంటే ఒక రోజు టైమ్ అడిగి లేచి రండి. అక్కడే "వ్యక్తిగత కారణాలు" అని రాసిచ్చేస్తే, తర్వాత ఎవరికి చెప్పుకున్నా మీరే వెళ్లిపోయారంటారు. నోటీస్ జీతం, రిలీవింగ్ లెటర్ సంగతి తేలాకే సంతకం.

హెచ్ఆర్ దగ్గర మనసు విప్పొద్దు, పాలసీ అడగండి, చాలు. ఒక్క విషయంలో మాత్రం ఓపిక పట్టొద్దు. వ్యవహారం లైంగిక వేధింపు దాకా వెళితే, పనిచోట మహిళల మీద లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఆ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, ఆలస్యానికి సరైన కారణం ఉంటే ఇంకో 3 నెలల దాకా తీసుకోవచ్చు. ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి వెళ్లాలి.

ఇక వెళ్లిపోవడం. చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా కోపంతో పేపర్ పెట్టకండి, 90 రోజుల నోటీస్‌లో సగం దాటేసరికి ఆ కోపం పోయి ఈఎంఐ టెన్షన్ మొదలవుతుంది. బయౌట్ (నోటీస్ రోజులకి బదులు డబ్బు కట్టి వెళ్లడం) బేసిక్ మీద లెక్కో గ్రాస్ మీద లెక్కో ఇప్పటి కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది, చూడండి. గ్రాట్యుటీకి (సర్వీసు లెక్కన మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) కావాల్సిన ఐదేళ్లు దగ్గర పడుతుంటే తేదీలు లెక్కేసుకోండి. బేసిక్ 40 వేలైతే, 15ని 26తో భాగించి, 40 వేలతో, ఐదేళ్లతో గుణిస్తే గ్రాట్యుటీ లక్షా 15 వేల పైచిలుకు వస్తుంది, రెండు నెలల చిరాకు కోసం అది వదులుకోవడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో "మంచి అవకాశం వచ్చింది" అని ఊరుకోండి, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మెయిల్‌కి జవాబిచ్చేది వీళ్లే.

చివరి రోజు సాయంత్రానికి ఆఫీసు మెయిల్ పోతుంది, కాబట్టి ఫుల్ అండ్ ఫైనల్ షీట్ (చివరి జీతం, బకాయిల లెక్క), వచ్చే జూన్‌లో పన్ను కోత సర్టిఫికెట్ పంపాల్సిన సొంత మెయిల్ ఐడీ మధ్యాహ్నమే హెచ్ఆర్‌కి రాసి పంపండి. పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ వాళ్లు ఎక్కించకపోతే ఫోన్లు చేసి బతిమాలక్కర్లేదు, ఆఖరి జమ పడ్డాక రెండు నెలలు ఆగితే పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.