రాగి సంగటికి తోడు – 3వ పాఠం: నీసు తినని రోజుల్లో పితికిపప్పు పులుసు

పోయిన వారం సంగటి కెలకడం నేర్చుకున్నాం. ఉండలు కట్టకుండా ముద్ద వచ్చిందా? రాకపోతే ఇంకో రెండు రోజులు అదే చేయండి. ఈ పులుసు అన్నంలోకి కూడా బాగుంటుంది కానీ, దీన్ని చేసేది మాత్రం ముద్ద ముంచుకుని మింగడానికే.

చిత్తూరు వైపు సంగటి అనగానే నాటుకోడి పులుసే గుర్తొస్తుంది. అయితే తిరుమల కొండ కింద ఉన్నవాళ్ళం కదా, పెరటాసి అనే తమిళ నెలలో (సెప్టెంబరు–అక్టోబరు), కార్తీకంలో, ధనుర్మాసంలో చాలా ఇళ్లలో నీసు ముట్టరు. మా నాన్న ధనుర్మాసమంతా నియమంగా ఉండేవాడు. సంగటి మాత్రం మానేవాడు కాదు. ఆ నెల రోజులూ అమ్మ ఆయనకు పితికిపప్పు పులుసు, అంటే నానబెట్టి తోలు పితికి తీసిన అనపగింజల పులుసు, చేసి పెట్టేది. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలయ్యేసరికి సంతలో అనపకాయలు కుప్పలు పోసి ఉంటాయి, అదీ కలిసొచ్చేది.

కోడి బదులు మీల్ మేకర్ వేయొచ్చు కదా అని అడుగుతారు. నాకు నచ్చదు. అది నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుందే తప్ప తనకంటూ రుచి ఉండదు. నాటుకోడి పులుసులో మనం వెతుక్కునేవి మూడు: వేయించి నూరిన మసాలా ఘాటు, పైన తేలే నూనె, పంటికి తగిలే ముక్క. మొదటి రెండింటికీ కోడితో పనే లేదు. మూడోది అనపగింజ ఇస్తుంది.

కాయలు కొనేటప్పుడు ఒకటి చేత్తో రుద్ది వాసన చూడండి. మంచి కాయ చేతికి కాస్త జిగురుగా అంటుకుని ఘాటుగా వాసన కొడుతుంది. మంచు బాగా పడితేనే ఆ వాసన వస్తుందని రైతులు అంటారు. గింజ ముదిరి గట్టిగా ఉండాలి. లేత గింజలు పితకబోతే చిదికిపోతాయి.

గింజలు ఒలిచి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోయండి, వంటలో వాడొద్దు. కాలం కాని రోజుల్లో ఎండు గింజలు వాడితే పది పన్నెండు గంటలు నానాలి.

ఇక పితకడం. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. ఒక అంచున తెల్లటి గీత కనిపిస్తుంది. దానికి ఎదురు అంచు గిన్నెలోకి చూసేలా తిప్పి మెల్లగా నొక్కండి. పప్పు జారి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్ల మధ్య మిగులుతుంది. మొదటి పది గింజలు ఎటెటో ఎగిరిపోతాయి, ఫర్వాలేదు, తర్వాత చెయ్యి అలవాటు పడుతుంది. నలుగురికి రెండు కప్పుల పప్పు కావాలి. ఒక్కరే చేస్తే విసుగొస్తుంది. మా ఇంట్లో చాట ముందు పెట్టుకుని అవ్వ, అత్త, పిల్లలం అందరం కూర్చునేవాళ్ళం. తోలు తీస్తేనే కారం, పులుపు లోపలికి పడతాయి, అందుకే ఈ శ్రమ.

మసాలాకు ఆరు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, చిన్న చెక్క ముక్క, నాలుగు లవంగాలు, చెంచా గసగసాలు సన్నటి సెగ మీద వేయించండి. గుప్పెడు పచ్చికొబ్బరి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అల్లం ముక్క కలిపి మెత్తగా నూరుకోండి.

మట్టి సట్టి ఉంటే అందులో, లేకపోతే మందపాటి గిన్నెలో, నాలుగు చెంచాల చెనిగనూనె (వేరుశెనగ నూనె) పోసి రెండు పెద్ద ఉల్లిపాయలు వేయించండి. ఇక్కడ తొందర పనికిరాదు. ఉల్లి ఇటుక రంగుకు తిరిగేదాకా ఆగండి, పులుసుకు చిక్కటి రుచి అక్కడే వస్తుంది. తర్వాత నూరిన ముద్ద వేసి, అంచుల్లో నూనె బయటికి కనిపించేదాకా వేయించండి. నూనె తేలలేదంటే పచ్చివాసన పోలేదనే. రెండు టమాటాలు తరిగి వేసి మగ్గనివ్వండి.

ఇప్పుడు పప్పు, పసుపు, ఉప్పు, మూడు కప్పుల వేడినీళ్లు. కుక్కర్ వద్దు, పప్పు చితికిపోతుంది. మూతపెట్టి పావుగంట ఉడికించి ఒక గింజ వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా నలగాలి, ఆకారం చెడకూడదు. పలుకుగా ఉంటే ఇంకాసేపు ఉంచండి. అనపగింజ సగం ఉడికింది తినకూడదు.

చింతపండు పులుసు ఆ తర్వాతే పోయాలి. ఒకసారి సంక్రాంతికి చుట్టాలొచ్చారని టెన్షన్‌లో నేను ముందే పోసేశాను. గంట ఉడికించినా గింజ బిరుసుగానే ఉండిపోయింది. పులుపు తగిలితే గింజ తొందరగా మెత్తబడదు, అసలు కారణం అదే. టమాటా పులుపు తక్కువ కాబట్టి పెద్దగా ఇబ్బంది లేదు. మీ టమాటాలు బాగా పుల్లగా ఉంటే వాటినీ చివర్లోనే వేయండి.

చిన్న ఉసిరికాయంత చింతపండు చాలు. పోశాక పది నిమిషాలు సన్నటి సెగ మీద ఉంచి, కొత్తిమీర చల్లి దించండి. అరగంట ఆగితే నూనె పైకి తేలి, పప్పుకు కారం పడుతుంది. సంగటి అప్పుడు కెలకండి, వేడి వేడి ముద్దకు ఈ పులుసు సరిగ్గా అందుతుంది.

వచ్చే పాఠంలో ఇదే మసాలా పనసకాయకు. ఈలోగా చేతికి నూనె రాసుకుని, ఒక చిన్న పనసకాయ కోసి ముక్కలు చేయడం అలవాటు చేసుకోండి.