రేణిగుంట దారిలో మెకార్తీని చదవడం

కృత్రిమ మేధ (ఏఐ) మార్గదర్శకుల్లో ఒకరైన జాన్ మెకార్తీ అనగానే ఆ రంగానికి నాంది పలికిన 1956 నాటి డార్ట్‌మత్ సమావేశమూ, ఆయన రూపొందించిన లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషా గుర్తుకు వస్తాయి. యంత్రం ఎలా తర్కించాలన్న ప్రశ్నపై ఆయన రాసిన వ్యాసాలను చదవదలచిన విద్యార్థి మాత్రం ఆ రెండింటినీ పక్కన పెట్టి, ఒక నోటు పుస్తకం దగ్గర ఉంచుకుని, ఇంగితజ్ఞానం గల ప్రోగ్రాములపై 1959లో అచ్చయిన వ్యాసంతో మొదలుపెట్టడం మేలు.

అందులోని ఉదాహరణ చాలా చిన్నది. ఒకతను ఇంట్లో బల్ల దగ్గర ఉన్నాడు, కారు ఇంటి దగ్గరే ఉంది, అతను విమానాశ్రయానికి వెళ్లాలి. దీన్ని చదివి వదిలేయకుండా తిరుపతికి మార్చి రాసుకోవాలి. బల్ల తిలక్ రోడ్డులోని ఇంట్లో ఉంది, కారు ఆ ఇంటి దగ్గర ఉంది, ఇల్లూ రేణిగుంట విమానాశ్రయమూ ఒకే జిల్లాలో ఉన్నాయి, ఇంటి పరిధిలో నడవవచ్చు, జిల్లాలో కారు నడపవచ్చు అని ఒక్కో వరుసలో ఒక్కో వాక్యం పెట్టి, ఏది దేని నుంచి వచ్చిందో పక్కన సంఖ్య వేస్తూ, ‘కారు దాకా నడిచి, అక్కడి నుంచి కారులో వెళ్లాలి’ అనే నిర్ణయానికి చేరుకోవాలి. మనసులోనే ఉండిపోయి కాగితం మీదికి రాని వాక్యం ఒక్కటి ఉన్నా దారి అక్కడే తెగిపోతుంది.

తరువాత ఆ జాబితాకు ‘టైరు పంక్చరైంది’ అని చేర్చాలి. సంప్రదాయ తర్కంలో కొత్త ఆధారాలు ఎన్ని చేరినా పాత నిర్ణయం చెల్లుతూనే ఉంటుంది కాబట్టి, మన యంత్రం ఇప్పటికీ రేణిగుంటకు కారులోనే బయలుదేరుతుంది. ‘కారులో లోపం లేకపోతే’ అని షరతు పెడితే పెట్రోలు, బ్యాటరీ, తాళంచెవి, ఇలా ప్రతిదానికీ లోపం లేదని నిరూపించవలసి వస్తుంది. ఆ పనికి అంతు లేదు. ఇక్కడికి వచ్చి చిక్కుకున్న తరువాతే 1980 నాటి సర్కమ్‌స్క్రిప్షన్ (తెలిసిన మినహాయింపులు తప్ప వేరేవి లేవని తీసుకునే పద్ధతి) వ్యాసం తెరవాలి. ముందే తెరిస్తే అందులోని సూత్రం ఉత్త గుర్తుల వరుసలాగే కనిపిస్తుంది. చేతితో చేయాలంటే ‘లోపం ఉన్నవి’ అని ఒక గడి గీసి, తెలిసిన ఆధారాలు బలవంతంగా చేర్చేవాటిని మాత్రమే అందులో రాసి, మిగిలిన వాటన్నింటినీ సవ్యమైనవిగానే తీసుకోవాలి. పంక్చరు సంగతి తెలిసిన క్షణంలో కారు ఆ గడిలోకి వస్తుంది, నిర్ణయం వెనక్కి పోతుంది.

తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అంటే భారతీయ తర్కశాస్త్రం చదివినవారికి ఇక్కడ ‘ఉపాధి’ (ఒక నియమం చెల్లడానికి అవసరమైన, బయటికి చెప్పని షరతు) గుర్తుకు రావడం సహజం. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందన్న ‘వ్యాప్తి’ని, అంటే సార్వత్రిక నియమాన్ని, తడి కట్టెల సంబంధం చూపి ఖండిస్తారు. పోలిక ఉంది కానీ రెండూ ఒకటి కావు: ఉపాధి దొరికితే ఆ వ్యాప్తి చెల్లదు, మెకార్తీ పద్ధతిలో మాత్రం మినహాయింపు బయటపడినా నియమం మిగిలిన కార్లకు అలాగే నిలుస్తుంది.

పాట్రిక్ హేస్‌తో కలిసి రాసిన 1969 వ్యాసాన్ని, కాలక్రమం తప్పినా సరే, దీని తరువాతే చదవాలి. డైరెక్టరీలో నంబరు వెతికిన మనిషి దగ్గర ఫోను ఇంకా ఉందని కూడా వేరుగా చెప్పవలసి వచ్చిందని వారు అందులో ఒప్పుకున్నారు. మన జాబితాలో కారు దాకా నడిచాక ఏవేవి మారలేదో రాయడం మొదలుపెడితే అరగంటలో పేజీ నిండుతుంది. కృత్రిమ మేధలో ‘ఫ్రేమ్ సమస్య’ అని పిలిచేది ఇదే.

చివరగా 1979 వ్యాసం. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కు సైతం నమ్మకాలు ఉన్నాయని చెప్పవచ్చని మెకార్తీ అందులో వాదించారు; గుర్తులను నియమాల ప్రకారం మార్చినంత మాత్రాన అర్థం తెలిసినట్టు కాదనే ‘చైనీస్ గది’ వాదాన్ని ముందుకు తెచ్చిన 1980 వ్యాసంలోనే తత్వవేత్త జాన్ సర్ల్ దీన్నీ తప్పుపట్టారు. సర్ల్‌ను చదవకముందే ఇంట్లోని గీజరుకు ఏ నమ్మకాలు ఆపాదించవచ్చో, ఆపాదించకపోతే దాని పనిని వివరించడంలో ఏం తగ్గుతుందో ఒక పేజీ రాసిపెట్టుకుని, చదివిన తరువాత అందులో కొట్టివేయవలసిన వాక్యాలను ఎర్ర సిరాతో గుర్తించాలి.