ఎల్‌శాట్ ఇన్ఫరెన్స్ ప్రశ్నలు: తప్పు ఎక్కడ జరుగుతోంది, ఎలా సరిచేసుకోవాలి

ఎల్‌శాట్ అంటే అమెరికా, కెనడా లా కాలేజీల ప్రవేశ పరీక్ష. 2024 ఆగస్టు నుంచి అందులో లాజిక్ గేమ్స్ (షరతులిచ్చి అమరిక తేల్చమనే పజిళ్ళు) లేవు. స్కోరుకు లెక్కలోకి వచ్చే మూడు విభాగాల్లో రెండు లాజికల్ రీజనింగే, అంటే చిన్న పాసేజీ ఇచ్చి దాని తర్కం మీద ప్రశ్న అడిగేవి. ఒక్కోదానికి 35 నిమిషాలు, ప్రశ్నలు 25కి కాస్త అటూ ఇటూ. వాటిలో చాలామందిని తిప్పలు పెట్టేది ఇన్ఫరెన్స్ రకం. పై మాటలన్నీ నిజమని ఒప్పుకుంటే కింది అయిదింటిలో ఏది నిజమై తీరాలి, లేదా దేనికి గట్టి ఆధారం దొరుకుతుంది అని అడుగుతుంది. పాసేజీలో చెప్పింది సబబేనా అని మీరు తీర్పు చెప్పక్కర్లేదు. మీకు ఎదురవుతున్న ఇబ్బంది లక్షణాన్ని కింది శీర్షికల్లో వెతుక్కోండి.

"జవాబు పాసేజీకి బాగా బలమిస్తోంది, అయినా తప్పన్నారు"

ప్రశ్నను తలకిందులుగా చదివారు. ‘మోస్ట్ స్ట్రాంగ్లీ సపోర్టెడ్ బై’ అంటే పాసేజీ రుజువు, ఆప్షన్ దాని ఫలితం. ‘మోస్ట్ స్ట్రాంగ్లీ సపోర్ట్స్ ది ఆర్గ్యుమెంట్’ అంటే ఆప్షన్ రుజువు, పాసేజీలోని వాదన ఫలితం. రెండో రకంలో ఆప్షన్ కొత్త సమాచారం తేవచ్చు, తేవాలి కూడా. మొదటి రకంలో కొత్త సమాచారం తెచ్చిన ఆప్షన్ దాదాపు ఎప్పుడూ తప్పే. ప్రశ్న చదవగానే ‘సపోర్టెడ్ బై’ ఉందా, ‘సపోర్ట్స్’ ఉందా చూసి, రుజువు పైనుందో కిందుందో తేల్చుకున్నాకే ఆప్షన్లలోకి దిగండి.

"రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోతాను, చివరికి రెండోదే సరైనదవుతుంది"

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. ఒక నమూనా చూడండి:

ఒక జిల్లాలో కొందరు రైతులు బిందు సేద్యానికి మారారు. మారిన వాళ్ళందరికీ మునుపటికంటే తక్కువ నీటితో అంతే దిగుబడి వచ్చింది. మారని వాళ్ళలో కొందరికి ఆ ఏడాది బోర్లు ఎండి పంట పోయింది.

చివరికి మిగిలే రెండు ఆప్షన్లు ఇలా ఉంటాయి. ఒకటి: పంట పోయిన రైతులు బిందు సేద్యానికి మారి ఉంటే వాళ్ళ పంట దక్కేది. రెండు: ఆ జిల్లాలో కనీసం కొందరు రైతులు దిగుబడి తగ్గకుండానే నీటి వాడకం తగ్గించుకోగలిగారు.

మొదటిది ఆకర్షిస్తుంది, ఎందుకంటే అది పాసేజీ మొత్తాన్ని ఒక కథగా కలిపి ముగింపు చెబుతుంది. రెండోది చెప్పిందే మళ్ళీ చెప్పినట్టు చప్పగా ఉంటుంది. ఇక్కడ నచ్చడం, నచ్చకపోవడం పక్కనపెట్టి ఒక్కో ఆప్షన్‌ను విరగ్గొట్టి చూడాలి: పాసేజీలోని ప్రతి మాటా నిజంగానే ఉంటూ, ఈ ఆప్షన్ అబద్ధమయ్యే పరిస్థితిని ఊహించగలనా? మొదటి దానికి తేలిగ్గా ఊహించగలం. బోరు పూర్తిగా ఎండిపోతే డ్రిప్పుకు కూడా నీళ్ళుండవు. పాసేజీ చెక్కుచెదరలేదు, ఆప్షన్ విరిగింది. రెండోదాన్ని ఎంత లాగినా విరగదు. అదే జవాబు.

‘మోస్ట్ స్ట్రాంగ్లీ సపోర్టెడ్’ అన్నప్పుడు కొంచెం సడలింపు ఉంటుంది. నూటికి నూరుపాళ్ళు బిగిసి ఉండకపోయినా సరే, మిగతా నాలుగింటికంటే ఆధారం స్పష్టంగా ఎక్కువుండాలి. పరీక్షించే పద్ధతి మాత్రం అదే.

‘ఆల్’, ‘నెవర్’, ‘ఓన్లీ’ లాంటి గట్టి మాటలు కనబడగానే ఆప్షన్‌ను కొట్టేయమని చెబుతుంటారు. ఈ చిట్కా సగమే పనిచేస్తుంది. పాసేజీలోనే ‘ఏ ఒక్కరూ’, ‘ప్రతి ఒక్కటీ’ అని ఉంటే జవాబు కూడా అంత గట్టిగా ఉండవచ్చు. చూడాల్సింది ఆప్షన్ గట్టిదా మెత్తదా అని కాదు, దాని బలం పాసేజీ బలాన్ని మించిందా అని.

"ఇఫ్, ఓన్లీ ఇఫ్, అన్‌లెస్ వస్తే గందరగోళం"

ఇలాంటి నియమాన్ని ‘ఇది ఉంటే → అది ఉన్నట్టే’ అని బాణంతో రాసుకుంటారు. గందరగోళానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఆ బాణాన్ని వెనక్కి తిప్పేయడం. "రశీదు ఉంటేనే ఫీజు వాపసు" అనే నియమం తీసుకోండి. బాణం వాపసు నుంచి రశీదు వైపు వెళుతుంది. వాపసు వచ్చిందంటే రశీదు ఉన్నట్టే. రశీదు లేదంటే వాపసు రానట్టే. ఈ రెండే సాధ్యం. "రశీదు ఉంది కాబట్టి వాపసు వస్తుంది", "వాపసు రాలేదు కాబట్టి రశీదు లేదు" అనేవి రెండూ ఉచ్చులు, ఆప్షన్లలో ఇవి తప్పకుండా ఎదురవుతుంటాయి.

‘అన్‌లెస్’ వస్తే దాని తర్వాతి భాగాన్ని ఉన్నదున్నట్టు బాణం కుడివైపు రాయండి. మిగిలిన భాగాన్ని వ్యతిరేకం చేసి ఎడమవైపు రాయండి. "నో రీఫండ్ అన్‌లెస్ రిసీట్" అంటే ఎడమవైపు రీఫండ్, కుడివైపు రిసీట్. పైన వచ్చిన బాణమే మళ్ళీ వచ్చింది. నియమాలు రెండు మూడు ఉంటే, ఒక బాణం చివర ఉన్న పదం మరో బాణం మొదట్లో ఉందేమో వెతకండి. ఉంటే ఆ గొలుసును కలిపి చెప్పే వాక్యమే జవాబు కావడానికి ఎక్కువ అవకాశం. ఎక్కడా కలవకపోతే బలవంతంగా కలపకండి.

"కొందరు, చాలామంది, అందరూ కలిస్తే ఏం వస్తుందో తెలియడం లేదు"

ఎల్‌శాట్‌లో ‘సమ్’ అంటే కనీసం ఒకటి, అన్నీ కూడా కావచ్చు. కాబట్టి "కొందరు పాసయ్యారు" అన్న మాట నుంచి "కొందరు ఫెయిలయ్యారు" అని తేల్చలేం. రోజువారీ మాటల్లో మనం తేల్చేస్తాం, అక్కడే మార్కు పోతుంది. ‘మోస్ట్’ అంటే సగానికి మించి, అదీ అన్నీ కావచ్చు.

గుర్తుంచుకోవాల్సిన కలయికలు తక్కువే:

- సభ్యుల్లో ఎక్కువమంది విద్యార్థులు, విద్యార్థులందరికీ రాయితీ ఉంది: సభ్యుల్లో ఎక్కువమందికి రాయితీ ఉంది.
- సభ్యుల్లో ఎక్కువమంది విద్యార్థులు, సభ్యుల్లోనే ఎక్కువమంది మహిళలు: కనీసం ఒక మహిళా విద్యార్థి ఉంది. పది మందిలో ఆరుగురు విద్యార్థులు, ఆరుగురు మహిళలు అయితే కనీసం ఇద్దరు రెండు లెక్కల్లోనూ ఉండక తప్పదు.
- సభ్యుల్లో ఎక్కువమంది విద్యార్థులు, విద్యార్థుల్లో ఎక్కువమంది మహిళలు: ఏమీ తేలదు. ఊళ్ళో వెయ్యిమంది విద్యార్థులుంటే, వాళ్ళలోని మహిళల్లో ఒక్కరూ ఈ సంఘంలో లేకపోవచ్చు.
- కొందరు, మళ్ళీ కొందరు: ఏమీ తేలదు.

రెండో దానికీ మూడో దానికీ తేడా ఒకటే. రెండో దాంట్లో రెండు వాక్యాలూ ఒకే గుంపుతో (సభ్యులు) మొదలవుతాయి. అనుమానం వచ్చిన ప్రతిసారీ పది మందితో లెక్క వేసి చూడండి.

"శాతాలున్న పాసేజీలో తప్పు పోతోంది"

శాతం పెరిగిందంటే సంఖ్య పెరిగినట్టు కాదు. 1000 దరఖాస్తుల్లో 40 శాతం అంటే 400. మరుసటి ఏడాది 800లో 45 శాతం అంటే 360. మొత్తం ఎంతో పాసేజీ చెప్పనంతవరకు సంఖ్య గురించి మాట్లాడే ఆప్షన్ నిలబడదు. పోలికల్లోనూ ఇంతే: ఒకటి మరోదానికంటే చవక అన్నంత మాత్రాన చవకైనదని కాదు.

"జవాబు నిజమేనని నాకు తెలుసు, కానీ తప్పైంది"

బయట నిజమైనా పాసేజీలో ఆధారం లేదన్నమాట. వైద్యం, ఆర్థికం గురించిన పాసేజీల్లో ఆ సబ్జెక్టు చదివినవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారు. ఆప్షన్‌లోని ఒక్కో ముఖ్యమైన పదానికి పాసేజీలో ఏ వాక్యం ఆధారమో వేలు పెట్టి చూపించండి. ఒక్క పదానికి చూపించలేకపోయినా వదిలేయండి. ఇంకో సంగతి: జవాబు పాసేజీ సారాంశం కానక్కర్లేదు. మూలన పడి ఉన్న ఒక్క వాక్యం నుంచి వచ్చినా చాలు.

"ఎక్సెప్ట్ ఉన్న ప్రశ్నలు"

"కింది వాటిలో ఒకటి తప్ప అన్నీ నిజం కావచ్చు" అంటే వెతకాల్సింది కచ్చితంగా అబద్ధమయ్యేదాన్ని. నాలుగు ‘కావచ్చు’లను పట్టుకుని ఒక్కోటీ తేల్చాలి కాబట్టి వీటికి సమయం ఎక్కువ పడుతుంది. ఫ్లాగ్ పెట్టి చివర్లో చేసుకోవడం మేలు.

"సమయం చాలడం లేదు"

35 నిమిషాలకు 25 ప్రశ్నలంటే సగటున 84 సెకన్లు. ఇన్ఫరెన్స్ ప్రశ్నల్లో సమయం ఎక్కువగా పోయేది, ఆప్షన్లు చూడకముందే జవాబు ఊహించే ప్రయత్నంలో. బాణాలు గొలుసుగా కలుస్తుంటే ఊహించండి. మామూలు వివరాలే ఉంటే నేరుగా ఆప్షన్లకు వెళ్ళి కొట్టేసుకుంటూ రండి. రెండు నిమిషాలు దాటితే ఏదో ఒకటి గుర్తించి ముందుకు కదలండి, ఎల్‌శాట్‌లో తప్పుకు మార్కు కోత లేదు. క్లాట్‌కు (మన దేశంలోని జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) చదివేవాళ్ళకు ఈ చివరి సలహా వర్తించదు. అక్కడ తప్పుకు 0.25 పోతుంది.

సాధనకు లాహబ్‌లోని (ఎల్‌శాట్ నిర్వహించే సంస్థ వెబ్‌సైట్) అసలు పాత పేపర్లే వాడండి. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ, మీరు ఎంచుకున్న ఆప్షన్‌లో పాసేజీని దాటిపోయిన పదం ఏదో ఒక్కటి రాసుకోండి. ఇరవై ముప్ఫై ప్రశ్నలయ్యాక ఆ జాబితాలో ఏ రకం పదాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో చూసి, పైన ఆ లక్షణం దగ్గరికే తిరిగి వెళ్ళండి.