లాల్‌బాగ్‌కి బయల్దేరే ముందు

బెంగళూరులో చుట్టాలింటికి వెళ్తే ఎవరో ఒకరు లాల్‌బాగ్ పేరెత్తుతారు. పార్కే కదా అని తేలిగ్గా తీసుకోకండి. అది 240 ఎకరాల తోట.

- ముందు చెప్పుల సంగతి. కొత్తవి, ఎత్తు మడమలవి ఇంట్లోనే వదిలేయండి. కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కాలంటే మరీను. ఆ బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు! వాన పడితే జారుతుంది, మిట్టమధ్యాహ్నం పెనంలా కాలుతుంది. పొద్దున్నే ఎక్కి దిగేయడం మంచిది.

- తోటకి నాలుగు గేట్లు. "గేటు దగ్గర కలుద్దాం" అనుకుంటే ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ. ఏ గేటో ముందే తేల్చుకోండి. మెట్రోలో అయితే గ్రీన్ లైన్, లాల్‌బాగ్ స్టేషన్.

- జనవరి, ఆగస్టుల్లో గాజు భవనంలో పూల ప్రదర్శన ఉంటుంది. చూడాల్సిందే, కానీ సెలవు రోజున మాత్రం వద్దు. పూలకన్నా తలలే ఎక్కువ కనిపిస్తాయి. తప్పదంటే పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు చీటీ పెట్టండి.

- తేనెపట్టు కనిపిస్తే దూరం జరగండి. గాలివాన మొదలైతే చెట్ల కింద నిలబడొద్దు.

- స్టీలు సీసాలో నీళ్లు, టోపీ, పెద్దవాళ్ల మందులు.