నర్సుగా పనిచేసిన అమ్మ జీవితాన్ని ఎలా రాయాలి

మా గుంటూరు లూథరన్ క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా పోతే ఆదరణ కూడికలో వారి సంక్షిప్త జీవిత చరిత్ర చదువుతారు. సమాధి కార్యక్రమం అయ్యీ అవకముందే పాస్టరు అయ్యగారు ఆ కాగితం అడుగుతారు. ఏడ్చి అలిసిపోయిన ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని పుట్టిన తేదీ, పెళ్లి, పిల్లలు, ఉద్యోగం, జబ్బు రాసి, మధ్యలో ప్రార్థనాపరురాలు, అతిథిప్రియురాలు అని చేర్చి ఇచ్చేస్తారు. అందులో అబద్ధం ఏమీ ఉండదు. కానీ పేరు మారిస్తే ఆ కాగితం పక్కింటి ఆవిడకూ సరిపోతుంది. మా అమ్మ జీవితమంతా స్టాఫ్ నర్సుగా పనిచేసింది. ఏడాది తిరిగాక జరిగే జ్ఞాపకార్థ కూడిక కోసం ఆమె గురించి మళ్లీ మొదటి నుంచి రాశాను. మీ ఇంట్లోనూ అలాంటి అమ్మ ఉంటే ఈ పద్ధతి పనికొస్తుంది. ఆవిడ బతికి ఉండగానే మొదలుపెట్టగలిగితే మరీ మంచిది.

ముందు పెన్షన్ ఫైలు తీయండి. ప్రభుత్వ ఉద్యోగి అయితే సర్వీస్ రిజిస్టర్ నకలు అందులో ఉండే అవకాశం ఉంది. అది చూడటానికి చప్పగా ఉంటుంది కానీ దానికి మించిన ఆధారం లేదు. మొదటి పోస్టింగ్ ఎక్కడ, ఎప్పుడు బదిలీ అయింది, ఏ సెలవు ఎన్నాళ్లు పెట్టింది అన్నీ తేదీలతో సహా ఉంటాయి. ప్రసూతి సెలవుల పక్కన మా పుట్టినరోజులు రాసుకున్నాను. తమ్ముడు చంటిబిడ్డగా ఉన్నప్పుడే అమ్మను మాచర్ల వైపు బదిలీ చేశారని అప్పుడే తేదీలతో సహా తెలిసింది. పసిబిడ్డ ఉందని అర్జీ పెట్టుకున్నా పై అధికారి వినలేదని నాన్న చెప్పారు. అలాంటి బాధను దాచకండి, సాగదీయకండి. ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లండి.

ఆమె ట్రైనింగ్ ఎక్కడ చేసిందో రెండు వాక్యాలు తప్పకుండా రాయండి, ఎందుకంటే మనవలకు ఆ ఊసే తెలియదు. అమ్మ చదివింది కుగ్లర్ ఆసుపత్రిలో. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, 1898లో ఆ ఆసుపత్రి తెరిచి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ట్రైనింగ్ నాటి గ్రూప్ ఫోటో ఉంటే వెనక్కి తిప్పి చూడండి. మా ఫోటో వెనక పెన్సిల్‌తో పేర్లన్నీ రాసి ఉన్నాయి. ఆ పేర్లు పట్టుకునే అమ్మ స్నేహితురాళ్లను వెతికాను.

అసలు విషయమంతా తోటి సిస్టర్ల దగ్గరే, అంటే కలిసి పనిచేసిన నర్సుల దగ్గరే ఉంటుంది. "మా అమ్మ ఎలాంటిది?" అని మాత్రం అడగకండి. "దేవత అమ్మా" అంటారు, కళ్లు తుడుచుకుంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఫోటో చేతికిచ్చి చిన్న చిన్నవి అడగండి. ఏ వార్డులో ఎక్కువగా ఉండేది? నైట్ డ్యూటీలో తోడు ఎవరు? క్యారేజీలో ఏం తెచ్చేది? తర్వాతి డ్యూటీకి రావాల్సిన నర్సు ఆలస్యంగా వస్తే ఏమనేది? గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో అమ్మతో పనిచేసిన ఒక ఆయమ్మ, గాజు సిరంజిల కాలం సంగతులు గంటసేపు చెప్పింది. సిరంజిలు, సూదులు స్టెరిలైజర్‌లో మరగబెట్టి, పట్టుకారుతో తీసి, సూది మూసుకుపోతే సన్నటి తీగ దూర్చి చూసేవారట. మొన తగ్గిన సూదిని అమ్మ పక్కన పడేసేదట. "పిల్లకి నొప్పెట్టదా" అనేదట. ఈ మాట కాగితంలో ఉంటే "దయగల హృదయం" అని వేరే రాయక్కర్లేదు. ఆయమ్మలనూ వార్డు బాయ్‌లనూ వదలకండి. డాక్టర్ల కంటే వాళ్లకే ఎక్కువ గుర్తుంటుంది.

పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు. ఊరంతటికీ తెలిసిన రోజులతో ముడిపెట్టి అడగండి. మావైపు అయితే 1977 నవంబర్ 19 ఉప్పెన. "ఉప్పెనప్పుడు అమ్మ ఎక్కడ డ్యూటీ?" అంటే చాలు, ఆ ముందూ వెనకా జరిగినవన్నీ వరసగా చెబుతారు.

ఇక రాయడం. ఉద్యోగం ఒక పేరా, సంసారం ఒక పేరా, పిల్లలు ఒక పేరా అని విడదీయకండి. నర్సు ఇంట్లో ఇవి విడిగా జరగవు. మా ఇల్లంతా డ్యూటీ చార్టు మీద నడిచేది. మార్నింగ్, ఈవినింగ్, నైట్ అని ఆ మూడు డ్యూటీల ప్రకారమే రాశాను. నైట్ అన్నచోట నాన్న వచ్చారు. ఆయన పొగాకు కంపెనీలో గుమస్తా. బ్రాడీపేట నుంచి అమ్మను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని శంకర్‌విలాస్ బ్రిడ్జి దాటించి ఆసుపత్రి గేటు దగ్గర దింపేవారు. తెల్లారి మాకు జడలు వేసింది కూడా ఆయనే. రెండు జడలూ ఒకే ఎత్తులో రాకపోతే విప్పి మళ్లీ అల్లేవారు. భార్యగా అమ్మ ఎలా ఉండేదో నాన్నను నేరుగా అడిగితే చెప్పలేకపోయారు. ఆ దారి ఎలా వెళ్లేవారని అడిగితే ఆపకుండా చెప్పారు.

అమ్మగా ఆమె గురించి రాసేటప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి ఏ అలవాట్లు వచ్చాయో చూడండి. మా మంచాల మీద దుప్పటి మూలలు ఏటవాలుగా మడిచి పరుపు కిందికి బిగించి ఉండేవి, వార్డులో పరిచినట్టే. జ్వరం వస్తే మణికట్టు పట్టుకుని గడియారం వైపు చూసేది. ఆ అర నిమిషం మేం మాట్లాడకూడదు. లెక్క అయ్యాకే నుదుటి మీద చెయ్యి వేసేది.

ఒక్క జాగ్రత్త. రోగుల పేర్లు, ఊళ్లు, జబ్బులు రాయకండి. ఎవరో చెప్పిన కథ ఎంత బాగున్నా సరే. అమ్మ జీవితాంతం నోరు విప్పని సంగతుల్ని ఆమె పేరు మీద మనం బయటపెట్టకూడదు.

చదివి వినిపించేది కాబట్టి రెండు పేజీలు దాటనివ్వకండి. పైకి చదివి చూడండి, ఊపిరి అందని వాక్యాలు విరగ్గొట్టండి. అరండల్‌పేటలో డీటీపీ చేయిస్తే ప్రింటుతో పాటు యూనికోడ్ ఫైలు (ఫోన్లలోనూ తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపించేది) కూడా అడగండి, లేకపోతే వాట్సాప్‌లో మెసేజ్‌గా పంపలేరు. ఇంటిపేర్లు మీరే ఒకటికి రెండుసార్లు దిద్దండి. ఫోటో మాత్రం యూనిఫాంలోది వేయండి. ఒక్కో కాపీ ఆ సిస్టర్లందరికీ, ఆయమ్మకూ ఇవ్వండి. చివర ఒక ఖాళీ పేజీ, మీ ఫోన్ నంబరు ఉంచండి. చదివాక "ఇది రాయలేదేమమ్మా" అని వాళ్లే ఫోన్ చేస్తారు. నాకు ఇంకా వస్తూనే ఉన్నాయి.